రోహిణి కార్తెలో ప్రాసెసర్ కబుర్లు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి, కౌన్సెలింగ్ ఇంకా మొదలుకాని రోజుల్లో గన్నవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాకు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, ఏ కాలేజీ మంచిదని అడిగినవాళ్లే రెండో మాటగా ల్యాప్‌టాప్ సంగతి ఎత్తుతారు. “మాస్టారూ, ఇప్పుడే కొనెయ్యమంటారా? దసరాకి కొత్త ప్రాసెసర్లు దిగుతాయంటున్నాడు మావాడు. ఆగమంటారా?” అని ఉంగుటూరు వైపు నుంచి ఓ రైతు అడిగారు. నాలుగేళ్ల చదువుకీ ఆ ఇంట్లో ఒకటే ల్యాప్‌టాప్. మధ్యలో పాతబడిపోయినా ఇంకోటి కొనే వీలుండదు. ఏడాదికో మెషీను మార్చేవాళ్లకి రాబోయే చిప్‌ల మీద ఊహాగానాలు మంచి కాలక్షేపం కావచ్చు. ఒక్కసారే కొనేవాళ్లు మాత్రం వాటిని నమ్మాలో వద్దో తేల్చుకునే దాకా డబ్బు బయటికి తియ్యలేరు.

అందుకే ఆ ఊహాగానాలను నేను శ్రద్ధగా చదువుతాను. ఏళ్ల తరబడి చదివాక ఒకటి రూఢి అయింది. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఎప్పుడు మారుతుందో పసిగట్టాలంటే వేగం అంకెలు అంతగా పనికిరావు. వేడి ఎంత పుడుతోందో చూడాలి.

యాపిల్ కథే చూడండి. 2003 జూన్‌లో ఆ కంపెనీ పవర్ మ్యాక్ జీ5 అనే డెస్క్‌టాప్‌ను చూపించింది. లోపల ఐబీఎం ప్రాసెసర్. ఏడాది తిరిగేసరికి దాన్ని 3 గిగాహెర్ట్జ్‌కి చేరుస్తామని స్టీవ్ జాబ్స్ వేదిక మీదే మాటిచ్చారు. ఆ మాట నిలబడలేదు. ఇక ల్యాప్‌టాప్ అభిమానుల సంగతి చెప్పక్కర్లేదు. జీ5 ఉన్న పవర్‌బుక్ ల్యాప్‌టాప్ వచ్చే మంగళవారం వస్తుందట అన్న మాట వారం వారం పుడుతూనే ఉండేది. ఆ డెస్క్‌టాప్ మూత తీసి చూస్తే జవాబు అక్కడే కనిపిస్తుంది. చల్లబరచడానికి తొమ్మిది ఫ్యాన్లు! 2004లో వచ్చిన 2.5 గిగాహెర్ట్జ్ మోడల్‌కి ఫ్యాన్ల గాలి కూడా చాలక ద్రవం పారించి చల్లబరిచే ఏర్పాటు పెట్టారు. అంత సరంజామా అంగుళం మందం ల్యాప్‌టాప్‌లో ఎక్కడ పడుతుంది?

2005 జూన్ 6న జాబ్స్ అసలు సంగతి బయటపెట్టారు. జీ5 లాంటి పవర్‌పీసీ చిప్‌లు వదిలేసి ఇంటెల్‌కి మారుతున్నామన్నారు. వాడే ప్రతి వాటు కరెంటుకూ ఎంత పని జరుగుతుందన్నదే ఆయన చూపిన కారణం. మొదటి ఇంటెల్ మ్యాక్‌లు ఏడాదిలోపు వస్తాయని చెప్పడంతో కొనాలనుకున్నవాళ్లు ఎటూ తేల్చుకోలేకపోయారు. పాత పవర్‌బుక్‌కి చివరిసారిగా ఏమైనా మెరుగులు దిద్దుతారా, ఫ్రీస్కేల్ కంపెనీ ప్రకటించిన రెండు కోర్ల చిప్ పెడతారా అని చర్చలు సాగాయి. అక్టోబరు 19న ఆ చివరి మోడల్ వచ్చింది. ప్రాసెసర్ అంతకుముందున్న 1.67 గిగాహెర్ట్జ్ జీ4నే. 15 అంగుళాల మోడల్ తెర మాత్రం 1280 బై 854 నుంచి 1440 బై 960కి పెరిగింది. బ్యాటరీ ఎక్కువసేపు నిలిచింది. పాత చిప్‌ను సాగనంపే ఏడాదిలో కంపెనీలు ఆ చిప్ మీద పెద్దగా ఖర్చు పెట్టవు, దాని చుట్టూ ఉన్నవాటిని బాగుచేస్తాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆ ఏడాది ఊహాగానాల్లో సగం పక్కన పెట్టేసి ఉంటారు.

మరి ఆగినవాళ్లు బాగుపడ్డారా? 2006 జనవరి 10న మ్యాక్‌బుక్ ప్రో వచ్చింది. వేగం బాగా పెరిగిన మాట నిజం. కానీ తెర నిలువున 900 గీతలకు తగ్గింది, ఫైర్‌వైర్ 800 పోర్టు పోయింది. అన్నిటికంటే పెద్ద లోటు, అందులోని కోర్ డుయో 32 బిట్ చిప్ కావడం. అదే ఏడాది అక్టోబరులో 64 బిట్ కోర్ 2 డుయో పెట్టేశారు. 2011లో లయన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినప్పుడు తొలి మ్యాక్‌బుక్ ప్రోని పక్కన పెట్టి, తొమ్మిది నెలల తర్వాత వచ్చిన దాని తమ్ముణ్ని తీసుకున్నారు. చివరి పవర్‌బుక్‌లో 2007 నాటి లెపర్డ్ దాకా నడిచింది, తొలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో 2009 నాటి స్నో లెపర్డ్ దాకా. ఓపిగ్గా ఆగి మొదటిది కొన్నవాళ్లకి దక్కింది ఒక్క మెట్టే. కొత్త వంగడం వచ్చినప్పుడు రైతులు ఇలా తొందరపడరు. మారుటేరు పరిశోధన స్థానం 1982లో స్వర్ణ వరి విడుదల చేసినా, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చినా, మన డెల్టా రైతు మొదటి ఏడు మొత్తం చేలో చల్లెయ్యడు. ఓ మూల వేసి చూసుకుంటాడు. ల్యాప్‌టాప్‌లో ఓ మూల వేసి చూసే వీలు లేదు. అదే కష్టం.

మొదటిది కొనకూడదని దీన్నో సూత్రంగా పట్టుకుంటే 2020లో దెబ్బతింటాం. ఆ మార్చిలో యాపిల్ ఇంటెల్ చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ అమ్మింది. జూన్ 22న సొంత చిప్‌లకి మారుతున్నామంది. నవంబరులో ఎం1 చిప్‌తో అదే పేరు, అదే ఆకారంతో ఇంకో ఎయిర్ వచ్చింది. దాంట్లో ఫ్యాన్ లేదు. పాతదానికంటే ఎంతో వేగం, అయినా ఒళ్లో పెట్టుకుంటే పెద్దగా వేడెక్కదు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో మార్చి నాటి ఎయిర్‌ని వదిలేసింది, నవంబరు నాటిదాన్ని ఉంచుకుంది. ఎనిమిది నెలల తేడాతో ఒకటి పాతసామాను కింద జమైంది, ఒకటి ఇంకా నడుస్తోంది. ఆ మే నెలలో నన్నెవరైనా అడిగి ఉంటే, ఆ ఇంటెల్ ఎయిర్ ఫ్యాన్ చేసే చప్పుడు విని ఆగమనే చెప్పేవాణ్ని.

ఈ వేడి గొడవ మనకి మిగతావాళ్ల కంటే ఎక్కువ తగులుతుంది. చాలా ల్యాప్‌టాప్‌ల వెంట వచ్చే కాగితంలో చిన్న అక్షరాలతో ఉంటుంది, 35 డిగ్రీల దాకా వాడుకోవచ్చని. గన్నవరంలో మే నెలలో 40 దాటడం మామూలే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయిన ఇంట్లో గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఓ వేసవిలో ఒక విద్యార్థి ల్యాప్‌టాప్ నత్తనడకగా ఉందని తెచ్చాడు. వెనక మూత స్క్రూలు విప్పితే, ఫ్యాన్ రెక్కలకీ పక్కనున్న రాగి జల్లెడకీ మధ్య దుమ్ము చాపలా అల్లుకుపోయి ఉంది. వేలితో లాగితే ఒకే పొరగా ఊడివచ్చింది. శుభ్రం చేశాక కూడా, ఆ గదిలో పెద్ద ప్రోగ్రామ్ నడుపుతూ చూస్తే, 4 గిగాహెర్ట్జ్ దాటగల చిప్ 2 దగ్గర తచ్చాడుతోంది. చిప్ చెడిపోలేదు, వేడికి తనంతట తానే నెమ్మదించింది. ఏసీ గదుల్లో చేసిన పరీక్షల అంకెలు చూసి మనవాళ్లు పదివేలు ఎక్కువపెట్టి కొంటారు. ఆ పదివేల వేగం మన వేసవిలో కనిపించదు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

విండోస్ వైపు మలుపు తిప్పినవారిలో మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల ఉన్నారు. తక్కువ కరెంటుతో నడిచే ఆర్మ్ చిప్‌ల మీదికి విండోస్‌ను తేవాలని మైక్రోసాఫ్ట్ 2012లోనే సర్ఫేస్ ఆర్‌టీతో ప్రయత్నించింది. పాత ప్రోగ్రాములేవీ నడవక, మరుసటి ఏడు 90 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది. 2024 మేలో నాదెళ్ల నాయకత్వంలో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ చిప్‌లతో మళ్లీ వచ్చారు. ఈసారి పాత ప్రోగ్రాములు చాలావరకు నడుస్తున్నాయి, బ్యాటరీ బాగా నిలుస్తోంది. డ్రైవర్లతోనే చిక్కు. ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ లేకపోతే ల్యాబ్‌లోని పాత ప్రింటరైనా, ప్రాజెక్టు కోసం తగిలించే బోర్డైనా పలకదు. ఈసీఈ, మెకానికల్ పిల్లలకి ఆ చిప్ కొనమని ఇంకా చెప్పడం లేదు. ఆ లోటు ఒక్కటీ తీరితే మన ఎండలకి అంతకు మించింది లేదనే నా అభిప్రాయం.

కొవ్వూరు నుంచి వెళ్లిన రాజా కోడూరి ఈ మలుపుల్లో అటూ ఇటూ పనిచేశారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి ఏఎండీ, యాపిల్, మళ్లీ ఏఎండీలలో పనిచేసి, 2017 చివర ఇంటెల్‌లో చేరి గ్రాఫిక్స్ చిప్‌లకు నాయకత్వం వహించారు. గోదావరి ఒడ్డు నుంచి వెళ్లినాయన ఆ స్థాయికి ఎదగడం మా పిల్లలకి నేను తరచూ గుర్తుచేసే విషయం.

ఇక ఈసారి ఊహాగానాల్లో కొత్త మెలిక పడింది. ఆగితే చవకవుతుందన్నది కంప్యూటర్ల విషయంలో పాతకాలపు నమ్మకం. 2025 చివరి నుంచి అది తలకిందులైంది. ఏఐ సర్వర్ల గిరాకీ మెమరీ తయారీని తనవైపు లాగేసుకుంది, ర్యామ్ ధరలు చుక్కలనంటాయి. క్రూషియల్ పేరుతో జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ఆ డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. ఇప్పుడు 8 జీబీది కొని తర్వాత పెంచుకుందామన్న లెక్క రెండు విధాలా కుదరదు. ర్యామ్ ఖరీదైంది, పైగా సన్నటి ల్యాప్‌టాప్‌ల్లో అది బోర్డుకే అతికి ఉంటుంది. ఇంటెల్ లూనార్ లేక్ చిప్‌లలోనైతే ప్రాసెసర్ పక్కనే, అదే ప్యాకేజీలో కూర్చుంది. కొనేముందు ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందో లేదో మూత తీసి చూపించమని విజయవాడ షాపులో అడగండి. చూపించకపోతే పక్క షాపుకి వెళ్లండి. ఉంగుటూరు రైతుకి నేను చెప్పింది ఇదే. 16 జీబీ ఉన్నది దొరికితే దసరా దాకా ఆగొద్దన్నాను.

ముందు ముందు ఇంకా మార్పులున్నాయి. ఎన్‌విడియా 2025 సెప్టెంబరులో ఇంటెల్‌లో 500 కోట్ల డాలర్లు పెడుతున్నామని, ఇద్దరం కలిసి ల్యాప్‌టాప్ చిప్‌లు చేస్తామని చెప్పింది. ఎన్‌విడియా సొంత ఆర్మ్ చిప్ మీద ఆ ఏడాదంతా వదంతులు నడిచాయి. వాటి వేగం అంకెలు ప్రపంచమంతా రాస్తుంది. 42 డిగ్రీల గదిలో అవి ఎలా పనిచేస్తాయన్నది మనమే రాసుకోవాలి. గన్నవరం పక్కనే కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది, మేధా టవర్స్ అనే ఐటీ భవనం ఉంది, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. కొలిచే పని తెలిసినవాళ్లకి కొదవ లేదు. వచ్చే వేసవిలో మా విద్యార్థులతో ఈ పని మొదలుపెట్టిస్తున్నాను. ఏసీ లేని గది, మధ్యాహ్నం రెండు గంటల వేళ, ప్లగ్ తీసేసిన ల్యాప్‌టాప్, గంటసేపు ఆగకుండా నడిచే ఒకే ప్రోగ్రామ్. గది వేడి, చిప్ వేగం, మిగిలిన బ్యాటరీ పది నిమిషాలకోసారి రాస్తారు. ఎవరి ఇంట్లో ఏ మోడల్ ఉంటే అది తెస్తారు, పాతవాటితో సహా.