ప్రాచీన రూపం, నూతన యంత్రం: ఒక నామధేయ విచారం

ద్విచక్రవాహనాల గురించి దేవాలయ అర్చకుడు వ్రాయడమేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కానీ కొత్త వాహనం కొన్నవారిలో ఎక్కువమంది దానిని మొదట తీసుకువచ్చేది గుడి ముంగిటికే. ముప్పయ్యేళ్ళుగా ఎన్ని బండ్లకు పసుపు కుంకుమలు అలంకరించానో, ఎన్ని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించానో నాకే లెక్క తెలియదు. పూజ చేసేవాడి దృష్టి సాధారణంగా దీపం దగ్గర, హ్యాండిల్ దగ్గర ఆగిపోతుంది. ఈ సంవత్సరం మా మేనల్లుడు తెచ్చిన ఒక సందేహం వల్ల నా విచారం వాహనపు చట్రం దాకా, యంత్రం దాకా, ఆ రెంటి మీద చెక్కిన అంకెల దాకా వెళ్ళింది.

మా బావగారు విద్యుత్ శాఖలో ఉద్యోగి. ఆయనకు 1978 నాటి 350 సీసీ బుల్లెట్టు ఉండేది. నన్ను వేదపాఠశాలలో చేర్చడానికి తీసుకువెళ్ళినది ఆయనే, ఆ బండి మీదనే. దానిని ప్రారంభించే విధానం నా బాల్యదృష్టికి ఒక క్రతువు వలె తోచేది. తాళం తిప్పి, కిక్కును కాలితో మెల్లగా అదుముతూ, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కనిపెట్టాలి. ఆపైన డీకంప్రెసరు మీట నొక్కి పిస్టన్‌ను దాని శిఖరస్థానం కొంచెం దాటించాలి. మీట వదలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒకే ఒక్క దీర్ఘమైన తన్ను. క్రమభంగమైతే కిక్కు ఎదురు తన్నేది. స్వరం తప్పిన మంత్రం యజమానికే ఎదురు తిరుగుతుందని పాఠశాలలో గురువుగారు చెప్పినప్పుడు నాకు మొట్టమొదట స్ఫురించినది బావగారి చీలమండ!

రెండేళ్ళ క్రితం ఆయన కాలధర్మం చెందారు. బండి వరండాలో నిలిచిపోయింది. మేనల్లుడు భాగ్యనగరంలో ఉద్యోగం చేస్తున్నాడు, యంత్రవిద్యలో మంచి ప్రవేశం ఉన్నవాడు. ఆబ్దికానికి వచ్చినప్పుడు తన సంకల్పం చెప్పాడు. తండ్రిగారి బుల్లెట్టు చట్రంలో ఆధునిక యంత్రం అమర్చి, పైరూపం మాత్రం యథాతథంగా, అదే నల్లరంగు, అదే బంగారు గీతలతో నిలుపుతాడట. "రూపం నాన్నగారిది, ప్రాణం ఈ కాలానిది. పూజ మీరే చేయాలి మామయ్యా" అన్నాడు. అక్కయ్య వైపు చూశాను. "మీ మామయ్య ఎలా చెబితే అలా చెయ్యరా" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ విధంగా నిర్ణయభారం నా మీద పడింది.

అతడి కోరికలో అనౌచిత్యం లేదని ముందే చెప్పాలి. పాత యంత్రం 346 సీసీ, బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, శక్తి 18 అశ్వబలం. అదే సంస్థ 2020లో ప్రవేశపెట్టిన కొత్త యంత్రం 349 సీసీ, బోరు 72, స్ట్రోకు 85.8, శక్తి 20.2. అంకెలను చూస్తే నలభై ఏళ్ళలో ఇంతేనా అనిపిస్తుంది. భేదం బలంలో కన్నా నియమంలో ఉంది. ఇంధనాన్ని కొలిచి చల్లే ఇంజెక్షన్ విధానం, కంపనాన్ని శమింపజేసే బ్యాలెన్సర్ షాఫ్టు, ఉదయాన్నే మీట నొక్కగానే మేల్కొనే స్వభావం కొత్తదాని సుగుణాలు. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. ఈ తరంవారి పాదాలకు దీనికి విపరీతమైన అభ్యాసం. ప్రమాదక్షణంలో బుద్ధి కన్నా ముందు సంస్కారమే పనిచేస్తుంది. బ్రేకు అనుకుని గేరు తొక్కిన కాలిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. తండ్రి వాహనాన్ని ప్రేమిస్తూనే దాని మీద ప్రాణాలతో తిరగాలనుకోవడం ధర్మమే.

మా ఊరి మెకానిక్ సాయిబుగారు బావగారికి పాత మిత్రులు. ఆయనను పిలిపించి అడిగాను. ఆయన చెప్పిన విషయం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ పాత బండిలో యంత్రమూ గేరుపెట్టె వేర్వేరు పెట్టెలు. చట్రం అడుగుభాగం తెరచి ఉంటుంది. అక్కడ యంత్రమే చట్రపు ఎముకగా నిలిచి ముందువెనుకలను కలుపుతుంది. కొత్త యంత్రంలో గేర్లు కూడా ఒకే పెట్టెలో ఇమిడి ఉంటాయి. దానికి కింది నుంచి పట్టే జంట గొట్టాల ఊయల వంటి చట్రం కావాలి. బిగించే చోట్లు కలవవు, చైను వరుస కలవదు. పాత ట్యాంకులో పెట్రోలు తన బరువుతో తానే దిగుతుంది; ఇంజెక్షన్‌కు లోపల పంపు కావాలి, కనుక ట్యాంకును కోయాలి. ఆపైన సెన్సర్లు, వాటిని పాలించే కంప్యూటరు పెట్టె, అందుకు తగిన తీగలు. అంతా వివరించి సాయిబుగారు ఒక్క మాట అన్నారు: "కోసి అతికినాక మీ బావగారి బండిలో మిగిలేది నంబరు ప్లేటేనండీ, అయ్యవారూ."

ఈ మాట తర్కశాస్త్రంలో చాలాకాలంగా నలుగుతున్న మాటే. న్యాయవైశేషికుల మతంలో అవయవాలు వేరు, అవయవి వేరు. ఒక అవయవం తొలగితే పూర్వపు అవయవి నశించి నూతన అవయవి పుడుతుంది. "అదే కదా ఇది" అనే ప్రత్యభిజ్ఞ మనకు కలుగుతూనే ఉంటుంది గాని, కత్తిరించిన తరువాత మళ్ళీ మొలిచిన గోళ్ళను చూసినా అదే బుద్ధి కలుగుతుంది కదా! అక్కడ పనిచేసేది సాదృశ్యం. బౌద్ధుల మిళిందప్రశ్నలలో నాగసేనుడు రథాన్ని చక్రం, ఇరుసు, కాడి అని విడదీసి, ఇందులో రథమేదని రాజును అడిగిన ప్రసంగం కూడా సుప్రసిద్ధమే. నాగసేనునికి మా సాయిబుగారి వంటి మెకానిక్ తారసపడి ఉంటే ఆ సంవాదం ఇంకొంత సేపు సాగేదేమో.

రెండు వాహనాలను కలిపి ఒకటి చేయడం దోషమని నేననను. ఆంగ్లదేశంలో దీనికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది. 1950లో నార్టన్ సంస్థ పందెపు వాహనాలకు ఫెదర్‌బెడ్ అనే చట్రం వచ్చింది. మలుపులలో దాని స్థిరత్వం అసాధారణమని పేరు. ఆ కాలంలో చిన్న పందెపు కార్లు కట్టేవారికి నార్టన్ యంత్రం కావలసి వచ్చేది. యంత్రం విడిగా దొరకక మొత్తం మోటారు సైకిలు కొని, యంత్రం తీసుకుని, చట్రాన్ని వదిలేసేవారు. అలా మిగిలిపోయిన చట్రాలలో ట్రయంఫ్ సంస్థవారి జంట సిలిండర్ల యంత్రాన్ని అమర్చినవారున్నారు. ఆ మిశ్రమానికి వారు నార్టన్ అని పేరు పెట్టలేదు, ట్రయంఫ్ అనీ పెట్టలేదు. రెండు పేర్లలో చెరిసగం తీసుకుని 'ట్రైటన్' అన్నారు. ఆ నామకరణం నాకెంతో నచ్చింది. హరిహరమూర్తిని దర్శించేవారు ఏ సగం ఎవరిదో తెలిసే నమస్కరిస్తారు. అక్కడ మోసపోయేవారు లేరు.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ. అదే ట్రయంఫ్ పేరుతో నూతన సంస్థ, 1959లో పుట్టిన బోనెవిల్ అనే వాహనాన్ని ఈ శతాబ్దారంభంలో పాత రూపంతో పునరుద్ధరించింది. కొన్నేళ్ళకు దానికి ఇంజెక్షన్ విధానం వచ్చింది. అప్పుడు ఆ ఇంజెక్షన్ భాగాలను చూపులకు పాత కార్బురేటర్ల వలె తీర్చిదిద్దారు! లోపల ఒకటి, వెలుపల మరొకటి. అధ్యాసకు ఇంతకన్నా చక్కని లౌకిక దృష్టాంతం నాకు ఇటీవల తారసపడలేదు. అయితే కొనేవాడికి అది ఇంజెక్షన్ అని తెలుసు. తెలిసి చూసే వేషం నాటకం వంటిది, అందులో పాపమేమీ లేదు. వేషధారియే తనను తాను రాముడనుకుంటే అప్పుడు చిక్కు.

మా మేనల్లుడి సంకల్పంలో నన్ను నిలిపివేసినది ఈ అంశమే. చట్రం కోసి, యంత్రం మార్చి, ట్యాంకు చీల్చి, దానిని "నాన్నగారి బుల్లెట్టు" అని పిలవాలన్నది అతడి కోరిక. ఆ పేరు దేనికి చెందుతుంది? ఇక్కడ రాజశాసనం కూడా తర్కంతో ఏకీభవించడం విశేషం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ విభాగం ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలతో విభేదించేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. సర్వోన్నత న్యాయస్థానం 2019 జనవరిలో దీనిని స్పష్టంగా చెప్పింది. చట్రసంఖ్య, యంత్రసంఖ్య రెండూ ఆ పత్రంలో ఉంటాయి. మనకు గోత్రనామాలు ఎటువంటివో వాహనానికి అవి అటువంటివి. ఒకరి గోత్రంతో మరొకరికి సంకల్పం చెప్పడం నావల్ల కాదు.

అలాగని పాతది తుప్పు పట్టి పోవలసిందేనా అంటే, కాదు. ఋగ్వేదంలో స్తుతింపబడిన ఋభువులు మానవులుగా ఉండి శిల్పనైపుణ్యం చేత దేవత్వం పొందినవారు. అశ్వినులకు రథం నిర్మించినది వారే. జీర్ణులైన తమ తల్లిదండ్రులను తిరిగి యువకులను చేసినదీ వారే. వారు చేసినది యౌవనదానం; తల్లిదండ్రుల స్థానంలో ఇతరులను తెచ్చి నిలపలేదు. సాయిబుగారు చెప్పిన చికిత్సా ఆ మార్గంలోనిదే: సిలిండరును తిరిగి బోరు చేయడం, దానికి తగిన పిస్టన్ వేయడం, క్రాంకు బేరింగులు మార్చడం, బ్రేకు లైనింగులు కొత్తవి అతికించడం. యంత్రసంఖ్య అదే, చట్రసంఖ్య అదే.

ఇక్కడ ఒక ప్రాసంగిక విషయం. ఈ బుల్లెట్టు వంశం ఆంగ్లదేశంలోని రెడ్డిచ్ పట్టణానిది. 1955లో మద్రాసులో దాని శాఖ నాటుకున్నది. మూలసంస్థ 1970 ప్రాంతంలో మూతపడినా మద్రాసు శాఖ మాత్రం అవిచ్ఛిన్నంగా కొనసాగింది. అథర్వవేద పైప్పలాద శాఖ ఇతర ప్రాంతాలలో లోపించినా ఒడిశా తాళపత్రాలలో దొరికినట్లుగానే ఇదీ. పరంపర ఎక్కడ నిలుస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

నా అభిప్రాయం మేనల్లుడికి చెప్పాను. తండ్రి బండికి తండ్రి యంత్రమే ఉండనివ్వమన్నాను. ప్రాచీన రూపంలో ఆధునిక వాహనం కావాలంటే, తన పేరున సొంత చట్రమూ సొంత పత్రమూ గల కొత్త యంత్రపు బండిని తీసుకుని, దానికి నచ్చిన వేషం వేసుకోమన్నాను.

"అప్పుడు అది నాన్నగారిది కాదు కదా మామయ్యా!"

"కాదు నాయనా. నీది."

అతడు మాట్లాడలేదు. నెల రోజులు ఫోను కూడా చేయలేదు. "తండ్రిని అంత త్వరగా వేరు చేశావేమిరా" అని అక్కయ్య నన్ను అడిగింది. దానికి శాస్త్రంలో సమాధానం వెదకడం ఉచితం కాదనిపించి ఊరకున్నాను. ఆమె అన్నది నిజమే.

తరువాత అతడే వచ్చాడు, కొత్త యంత్రం గల పాత బండి ఒకటి కొని. దాని చట్రాన్ని, యంత్రాన్ని, సైలెన్సరును తాకలేదు. వెడల్పైన మడ్‌గార్డులు, స్ప్రింగుల మీద నిలిచే ఒంటరి సీటు, పెద్ద దీపానికి ఇరువైపులా రెండు చిన్న దీపాలున్న ముఖభాగం ఒక్కొక్కటిగా సమకూరుస్తున్నాడు. ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తోనే గీయించాలని పట్టుదల. వరండాలోని బుల్లెట్టు ఇప్పుడు సాయిబుగారి కొట్టులో విడదీసి ఉంది; సిలిండరు బోరింగుకు వెళ్ళింది.

రెంటికీ వేర్వేరుగా పూజ చేస్తానన్నాను. పాతదానికి పేరు ఉండనే ఉంది. కొత్తదానికి ట్రైటన్ వంటి నామధేయం ఒకటి సంస్కృతంలో చెప్పమని అతడు నన్ను తొందరపెడుతున్నాడు. 'నవజీర్ణ' అంటే వ్యాకరణం కుదిరింది గాని అక్కయ్యకు నచ్చలేదు, ఇంకా వెదకుతున్నాను.