దానంతట అదే డయల్ చేసుకుంటుందండీ

మా ఇంట్లో ఒక నానుడి ఉంది. ఎవరైనా నమ్మశక్యం కాని సాకు చెప్తే చాలు, "ఆఁ, దానంతట అదే డయల్ చేసుకుంటుందండీ" అంటారు. పిల్లాడు ప్రోగ్రెస్ కార్డు మీద తనే సంతకం పెట్టుకుని దొరికినా అదే మాట, పాలు పొంగించింది ఎవరంటే అందరూ దిక్కులు చూసినా అదే మాట. నేను కూడా చాలాసార్లు వాడాను. ఆఫీసులో ఒకసారి డిప్లాయ్‌మెంట్ పోయినప్పుడు వాడి, అర్థం చెప్పలేక నానా తిప్పలు పడ్డాను :-)

ఆ మాట పుట్టింది 2003 ఎండాకాలంలో, నూజివీడులో, మా పెదనాన్న మామిడికాయల కమిషన్ కొట్లో. నాకప్పుడు ఆరేళ్ళు. ఆ మాట అన్నవాడు కొట్లో పనిచేసే గుమాస్తా కుర్రాడు. అతను అన్నది అక్షరాలా నిజమని మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తెలిసింది.

సంగతేంటంటే, అమెరికాలో ఉండే మా పెద్దన్నయ్య పట్టుబట్టి కొట్లో ఇంటర్నెట్ పెట్టించాడు. బంగినపల్లి ఉత్తరాదికి లారీల్లో వెళ్ళేది కాబట్టి (రసాలు అంత దూరం తట్టుకోవు, వాటి గొడవ వేరు) అక్కడి వ్యాపారుల్లో ఒకరిద్దరు ఈమెయిల్లో లెక్కలు పంపేవారట. లెక్కల కోసం ఒక కంప్యూటరు, పెదనాన్న మెయిల్ చూసుకోడానికి ఇంకొకటి. రెండిటికీ ఒకటే ఫోన్ లైను. అందుకని అన్నయ్య స్నేహితుడొకాయన ఒక పాత పెంటియం మీద రెడ్‌హ్యాట్ లినక్స్ వేసి, మోడెమ్ తగిలించి, దాన్నే రౌటర్‌గా మార్చాడు. ఎవరైనా మెయిల్ నొక్కితే అదే ఫోన్ చేస్తుంది, రెండు నిమిషాలు ఎవరూ వాడకపోతే అదే పెట్టేస్తుంది. డిమాండ్ డయల్ అన్నమాట. పెదనాన్నకి డయలప్ కిటికీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టే బాధ తప్పింది. పెట్టినాయనకి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు.

మార్చి, ఏప్రిల్ నెలల ఫోన్ బిల్లు మే నెలలో వచ్చింది. మామూలుగా వచ్చేదానికి ఎన్నో రెట్లు. అప్పటి బిల్లుల్లో లోకల్ కాల్స్‌కి వివరాలు ఉండేవి కావు. పాత రీడింగు, కొత్త రీడింగు, తేడా ఇన్ని కాల్స్, అంతే. ఎప్పుడు చేశారో ఎవరికి చేశారో దేవుడికే తెలియాలి. ఇంటర్నెట్‌కి చేసే ఫోను కూడా లోకల్ కాల్ కిందే పోయేది కాబట్టి ఆ తేడాలో అదీ కలిసిపోయింది.

సీజన్లో కొట్టు కాపలాకి ఆ కుర్రాడు అక్కడే పడుకునేవాడు. పక్క కొట్టు వాచ్‌మన్ వచ్చి "రాత్రంతా కంప్యూటర్ కూతలు వినపడుతున్నాయి" అని సాక్ష్యం చెప్పాడు. మోడెమ్ కూత విన్నవాళ్ళకి ఎవరికైనా తెలుసు, నిద్రలో ఉన్నవాడిని కూడా లేపుతుంది. ఇంకేముంది. పెదనాన్న నిలదీస్తే అతను చెప్పిన సమాధానమే ఈ టపా పేరు. అందరూ నవ్వారట. నెల జీతంలో 600 రూపాయలు బిల్లు కింద పట్టుకుని, పొమ్మన్నారు. తర్వాత వచ్చిన మే, జూన్ బిల్లు కూడా ఎక్కువే. అదీ అతని ఖాతాలోనే వేశారు. జులై, ఆగస్టు బిల్లు మామూలుగా వచ్చింది. "చూశారా, వాడు పోయాక బిల్లు తగ్గింది" అని తేల్చేశారు. సీజన్ అయిపోయి జూన్ మధ్యలో కొట్టు మూసినప్పుడు కంప్యూటర్లన్నీ కట్టేశారన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ పెంటియం మళ్ళీ ఎవరూ వేయలేదు. సంక్రాంతికి అటక సర్దుతుంటే దొరికింది. డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టర్ పెట్టి చూస్తే, ఇరవై ఏళ్ళు దాటినా చదవగలిగాను. సరదాకి లాగ్ తెరిచాను. రెడ్‌హ్యాట్‌లో లాగులు వారానికోసారి మారతాయి, పాతవి నాలుగు ఉంచుతుంది. అంటే మూసేముందు ఐదు వారాల చరిత్ర అలాగే ఉంది.

పీపీపీడీ అనే ప్రోగ్రాము (మోడెమ్ లైను నడిపేది అదే) ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ రెండు ముక్కలు రాస్తుంది. ఎన్ని నిమిషాలు మాట్లాడింది, ఎన్ని బైట్లు పంపింది, ఎన్ని అందుకుంది. పగలు చూస్తే పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, లక్షల బైట్లు. మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీ. రాత్రి పది దాటాక మాత్రం పావుగంటకోసారి, కాస్త అటూ ఇటూగా, తెల్లారేదాకా ఒకటే వరస. ప్రతిదీ రెండు నిమిషాల చిల్లర. ప్రతిదానిలో పోయినవీ వచ్చినవీ కలిపి వెయ్యి బైట్లు కూడా లేవు. వెయ్యి బైట్లతో మనిషి ఏ పేజీ చూస్తాడు? ఆ రోజుల్లో యాహూ మొదటి పేజీ కూడా రాదు. ఇంతకీ లెక్క చూడండి. రాత్రి ఎనిమిది గంటలు, గంటకి నాలుగు, అరవై రాత్రులు. 1920 కాల్స్. కాల్‌కి రూపాయి చొప్పున వేసుకున్నా ఆ కుర్రాడి జీతం దగ్గర పట్టుకున్నదానికి మూడింతలు.

మెషీన్ గడియారం తప్పేమో, రాత్రి అనుకున్నది పగలేమో అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అందుకే భోజనాల ఖాళీ గురించి చెప్పాను.

అసలు సాక్ష్యం వేరే ఉంది. పెదనాన్న చిట్టా పుస్తకంలో మే 28న అతని లెక్క తేల్చినట్టు ఆయన చేతి రాతే ఉంది. లాగులో మే 29 రాత్రి చూశాను. పావుగంటకోసారి. మే 30, 31. జూన్ మొదటి వారం, రెండో వారం. కొట్లో ఎవరూ పడుకోని రాత్రులు కూడా అదే వరస, కొట్టు మూసేదాకా.

మరి ఎవరు చేశారు? ఆ డిస్క్‌ని వర్చువల్ మెషీన్‌గా లేపి, పక్కన విండోస్ 98 ఒకటి పెట్టి, వైరు మీద ఏం పోతోందో పట్టి చూశాను. లెక్కల ఫైళ్ళు పంచుకోడానికి ఆ లినక్స్ మీద సాంబా వేశారు. విండోస్ వాళ్ళు ఒకరినొకరు పేర్లతో పిలుచుకునే పద్ధతి నెట్‌బయాస్. ఏదైనా పేరు తనకి తెలియకపోతే సాంబా దాన్ని డీఎన్ఎస్‌ని అడుగుతుంది, ఆ ఆప్షన్ మామూలుగా తెరిచే ఉంటుంది. డీఎన్ఎస్ సర్వర్ ఎక్కడుంది? ఫోన్ లైను అవతల. కాబట్టి "వర్క్‌గ్రూప్ అనే ఆసామి ప్రపంచంలో ఎక్కడున్నాడు?" అని అడగడానికి మా పెదనాన్న డబ్బుతో ఫోన్ చేసేది. అవతలివాడు "అలాంటివాడెవడూ లేడు" అనేవాడు. రెండు నిమిషాలు మౌనంగా కూర్చుని పెట్టేసేది. పావుగంటకి మళ్ళీ. లెక్కల కంప్యూటరు రాత్రిళ్ళు కూడా ఆన్‌లోనే ఉండేది, ఆపితే పాడవుతుందని పెదనాన్న నమ్మకం.

ఇది నూజివీడు రోగం కాదు, ఆ కాలంలో డిమాండ్ డయల్ పెట్టుకున్న ప్రతి ఆఫీసూ పడ్డదే. సిస్కో వాళ్ళు దీనికి పెట్టిన పేరు నాకు భలే ఇష్టం, ఇంట్రెస్టింగ్ ట్రాఫిక్. రౌటర్‌లో డయలర్ లిస్ట్ అని ఒకటి రాసి, ఏ ప్యాకెట్‌కి ఫోన్ చేయించే హక్కు ఉందో చెప్పాలి. ఇక్కడ ప్యాకెట్ ఫిల్టర్ అడిగే ప్రశ్న మనకి అలవాటైన ఫైర్‌వాల్ ప్రశ్న కాదు. వెళ్ళొచ్చా లేదా అని కాదు. లైను ఉంటే వెళ్ళు, కానీ నీ కోసం లైను లేపను, నీ కోసం లైను నిలబెట్టను, అని. పీపీపీడీలో కూడా ఈ రెండూ విడివిడిగా ఉన్నాయి. దాటనిచ్చేది పాస్-ఫిల్టర్, లేపేది యాక్టివ్-ఫిల్టర్. కాకపోతే యాక్టివ్-ఫిల్టర్ కావాలంటే కెర్నల్‌లోనూ పీపీపీడీలోనూ ఆ ఆప్షన్ పెట్టి కంపైల్ చేసుకోవాలి. మా పెంటియంలో ఆ జాడే లేదు.

ఫిల్టర్ రాసేవాళ్ళు మొట్టమొదట 137 నుంచి 139 దాకా పోర్టులు కొట్టేసేవారు, అవి నెట్‌బయాస్‌వి. తర్వాత టైము సరిచూసుకునే 123. రౌటర్లు ముప్ఫై సెకన్లకోసారి ఒకదానికొకటి దారులు చెప్పుకునే రిప్ ఉంటే అదీ. రెండు నిమిషాల టైమర్ మీద ముప్ఫై సెకన్ల కబుర్లు పడితే ఆ ఫోను ఇక జన్మలో పెట్టరు.

చిక్కంతా 53 దగ్గర, అంటే డీఎన్ఎస్. దాన్ని కొట్టేద్దామంటే, పెదనాన్న మెయిల్ నొక్కినప్పుడు బయల్దేరే మొదటి ప్యాకెట్ కూడా అదే. దాన్ని ఆపితే లైనే లేవదు. మనిషి అడిగిన పేరూ, యంత్రం ఊరికే అడిగిన పేరూ ఒకే పోర్టు మీద పోతాయి. పోర్టు నంబరు చూసే ఫిల్టర్‌కి వాటి మధ్య తేడా తెలియదు. అందుకే దీనికి మందు ఫిల్టర్‌లో కాకుండా సాంబా కాన్ఫిగ్‌లో ఉంది. డీఎన్ఎస్ ప్రాక్సీ అనే ఒక్క లైను "నో" అని మార్చాలి. వర్చువల్ మెషీన్‌లో మార్చి చూశాను. రాత్రంతా వదిలేస్తే ఒక్క డయల్ లేదు.

లైను తెగాక ఇంకో వింత జరుగుతుంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ చేస్తే మీ ఐపీ అడ్రసు మారిపోతుంది. సగంలో ఆగిన పాత కనెక్షన్లు మాత్రం పాత అడ్రసుతోనే మళ్ళీ మళ్ళీ తలుపు కొడతాయి, రాని జవాబు కోసం లైను లేపుతాయి. లినక్స్ కెర్నల్‌లో దీనికోసమే ఒక స్విచ్ పెట్టారు. దేవుడా, ఎంతమంది జేబులు చిల్లులు పడితే అలాంటి స్విచ్ పుడుతుంది!

ఇప్పుడు తోటలో మోటారు స్టార్టర్‌కీ, కెమెరాకీ 4జీ సిమ్ రౌటర్ ఉంది. నిమిషాల బదులు రోజుకిన్ని జీబీలు, అంతే తేడా. కెమెరా తన కంపెనీ సర్వర్‌తో చెప్పుకునే కబుర్లకి ఎవరి రీచార్జ్ ఖర్చవుతోందో ఆ యాప్‌లో ఎక్కడా కనపడదు. దానికి రాసిన ఫిల్టర్ల గురించి ఇంకోసారి రాస్తాను, ఇది అసలే పెద్దదైపోయింది.

నాకు కోపం తెప్పించింది టెక్నాలజీ కాదు. ఆ కుర్రాడు ఆ మెషీన్ పక్కన పడుకుని, చూసి, ఎవరూ ముట్టుకోకుండా అదే ఫోన్ చేస్తోందని వచ్చి చెప్పాడు. మనం రోజూ యూజర్ల దగ్గర అడుక్కునేది ఇలాంటి బగ్ రిపోర్టే కదా. లాగ్ చూడగలిగిన ఒకే ఒక్క మనిషి బెంగుళూరులో ఉన్నాడు. అతనికి ఒక్క ఫోన్ చేసి ఉంటే పది నిమిషాల్లో తేలేది. చేయలేదు, ఎందుకంటే అప్పటికే దొంగ దొరికేశాడు.

పెదనాన్నకి లాగులు ప్రింట్ తీసి, మే 28 దగ్గర గీత గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "రాత్రిళ్ళు కొట్లో ఉండేది వాడొక్కడే కదరా, ఇంకెవరనుకుంటాం" అన్నాడు. కాసేపటికి "ఆ ఆరొందలకి ఇప్పుడు వడ్డీ ఎంతవుద్ది" అని అడిగాడు. నేను లెక్కేయలేదు.

అతను ఇప్పుడు హనుమాన్ జంక్షన్ వైపు లారీ లోడింగ్ పనులు చేయిస్తున్నాడట. నంబరు పట్టుకుని నేనే ఫోన్ చేశాను. ఎవరి అబ్బాయినో చెప్పుకుని, డిస్క్ సంగతి, లాగ్ సంగతి, 29వ తేదీ సంగతి మొత్తం చెప్పాను. పూర్తిగా విన్నాడు.

"నేను చెయ్యలేదని నాకు తెలుసు కదా బాబూ" అన్నాడు. "మీ పెదనాన్నగారికి చెప్పారా?"

చెప్పానండీ అన్నాను.

"ఏవన్నారు?"

వడ్డీ మాట చెప్పాను. అవతల చిన్నగా నవ్వు వినపడింది. లారీ వచ్చింది, మళ్ళీ మాట్లాడతానన్నాడు. పెదనాన్న ఆ నంబరు నా దగ్గర రాయించుకున్నాడు. ఈ టపా రాసేటప్పటికి ఇంకా ఫోన్ చేయలేదు.