వినతిపత్రం క్రింద ఒక పంక్తి



పోయిన ఆదివారం ఒంగోలులో అద్దంకి బస్టాండు దగ్గర టీ త్రాగుతూ ఉండగా నా పూర్వవిద్యార్థి ఒకడు కలిశాడు. ఇప్పుడు న్యాయవాది. "మాస్టారూ, లాబీయింగ్ అనే మాటకు మంచి తెలుగు చెప్పండి. దానికొక చట్టం తెస్తే రాజకీయాల్లో డబ్బు పెత్తనం తగ్గుతుందా అన్న విషయం మీద మావాళ్ల సభలో మాట్లాడాలి" అన్నాడు.

"పైరవీ" అన్నాను.

"అది తిట్టు కదండీ!" అని నవ్వాడు.

తిట్టుగా మారింది గాని పుట్టుకతో తిట్టు కాదు. పారసీకంనుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట అది. వెంట నడచుట, వ్యాజ్యాన్ని వెన్నంటి నడిపించుట అని దాని అర్థం. ఇంగ్లీషువాడి లాబీ అన్నా శాసనసభ ముందరి వసారాయే. సభ్యుడు లోపలికి పోయేటప్పుడు ఆ వసారాలో నిలబడి అతడి చెవిలో ఒక మాట వేయడమే లాబీయింగ్. పాసుపుస్తకం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే రైతు చేసేదీ పైరవీయే. మొర చెప్పుకొనే హక్కు లేని చోట ప్రజాస్వామ్యం ఉండదు. ఆ మొర వెనుక ఎవరి డబ్బు ఉన్నదో వినేవాడికి తెలియకపోవడమే అసలు జబ్బు.

ఇంతవరకు వాడితో చెప్పి, టీ డబ్బులు నేనే ఇచ్చి ఇంటికి వచ్చాను. చెప్పని సంగతి ఒకటి మిగిలిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్లుగా ఎవరితోనూ అనని ఆ సంగతి ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

మాది కొండపి ప్రక్క పల్లె. మా నాయన వర్జీనియా పొగాకు వేసేవాడు. మా చదువులు, చెల్లెలి పెళ్లి, అన్నీ ఆ బ్యారన్ పొగలోనుంచి వచ్చినవే. 2015లో సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు మరొక పాత విద్యార్థి పట్నపు యువకుణ్ణొకణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. సిగరెట్ పెట్టెలకు రెండువైపులా నూటికి 85 వంతుల మేర హెచ్చరిక బొమ్మలు వేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014 అక్టోబరు 15న ఉత్తర్వు ఇచ్చింది. అది 2015 ఏప్రిల్ 1నుండి అమలు కావాలి. "దానివల్ల మన రైతు నాశనమైపోతాడు మాస్టారూ. రైతుల తరఫున ఢిల్లీకి ఒక వినతిపత్రం పంపాలి. మీరు వ్రాస్తే చదివినవాడి కళ్లు చెమ్మగిల్లాలి" అన్నారు.

వ్రాశాను. నాలుగు పుటలు. తెల్లవారుజామున లేచి బ్యారన్‌లో మంట ఎగదోసే మా నాయనను తలచుకొని వ్రాశాను గనుక బాగానే వచ్చింది. భాషాప్రవీణ చదివినవాడికి ఆ మాత్రం పొగడ్త చాలు, తక్కినవి అడగడు. ఆ యువకుడు ఎవరు పంపగా వచ్చాడో నేను అడగలేదు. వెళ్లేటప్పుడు శాలువా కప్పి, కవరు ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఐదువేల రూపాయలు ఉన్నాయి. నేను అప్పటికింకా ప్రభుత్వ ఉద్యోగిని. తీసుకోకూడదని తెలిసీ తీసుకున్నాను. అందులో కొంతతో శబ్దరత్నాకరం కొత్త ప్రతి కొనుక్కున్నాను.

మా ఊళ్లో ఆ కాగితం మీద చాలామంది సంతకాలు పెట్టారు. మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరుస, ఆయనా పెట్టాడు. "తమ్ముడు వ్రాశాడంటే చదవడం దేనికి" అన్నాడట.

మార్చి నెలలో పార్లమెంటు స్థాయీసంఘమొకటి ఆ ఉత్తర్వును నిలిపివేయమని సిఫారసు చేసింది, ఆరోగ్యశాఖ వాయిదా వేసింది. ఆ సంఘంలోని సభ్యుడొకరు స్వయంగా బీడీల వ్యాపారి అని పత్రికలు వ్రాశాయి. నా నాలుగు పుటలు అంతదూరం పోయాయని గర్వపడేటంత అమాయకుణ్ణి కాను. అయితే అటువంటి కాగితాలు కట్టలుగా చేరినప్పుడే "రైతుల ఆవేదన" అనే మాటకు బరువు వస్తుంది. ఆ కట్టలో నాదీ ఒక పోచ.

ఆ యేడే పొగాకు ధర పడిపోయింది. వేలం కేంద్రాలకు తెచ్చిన బేళ్లను తిరిగి ఇంటికి మోసుకుపోవలసి వచ్చింది. వర్షాకాలం దాటేసరికి మా జిల్లా పొగాకు రైతుల ఆత్మహత్యల వార్తలు పేపర్లో చదివాము. దసరా సెలవులకు ఊరికి పోతే మా అన్న అరుగుమీద కూర్చొని అడిగాడు. "ఒరే తమ్ముడూ, సంక్రాంతప్పుడు అందరం సంతకాలు పెట్టాం గదా, ధర సంగతి ఏం చేశారురా?"

ఆ నాలుగు పుటల్లో ధర అన్న మాటే లేదు. వ్రాయమన్నవారు చెప్పలేదు, నాకు తోచలేదు. మనవైపు పండే వర్జీనియాలో పెద్దవంతు విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఇక్కడి సిగరెట్ పెట్టెమీది బొమ్మకూ కొండపి వేలంలో పలికే ధరకూ ఉన్న సంబంధం చాలా పలుచన. బొమ్మ పెద్దదైతే నష్టపోయేవాడు పెట్టె అమ్మేవాడు. అతడి మొరను మా అన్న గొంతుతో నేను వినిపించాను. మా అన్న మొర మాత్రం వ్రాయకుండా వదిలేశాను. "చూస్తున్నారంటలే అన్నయ్యా" అని అబద్ధమాడి లేచి వచ్చాను.

ఆ బొమ్మలు చివరకు 2016 ఏప్రిల్ 1నుండి వచ్చాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టివేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. ఎవరూ భయపెట్టినట్లు పొగాకు సాగు అంతరించిపోలేదు.

ఇక మా న్యాయవాది ప్రశ్నకు వస్తాను. చట్టం తెస్తే తగ్గుతుందా?

మన దేశంలో పైరవీకారులు పేర్లు నమోదు చేసుకోవాలనే చట్టమేదీ లేదు. పొగాకు విషయంలో మాత్రం ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఉంది. మనదేశం 2004లో ఆమోదించింది. ప్రజారోగ్య విధానాన్ని పొగాకు వ్యాపార ప్రయోజనాలనుండి కాపాడుకోవాలని దాని 5.3 అధికరణం చెబుతుంది. దాన్ననుసరించి 2020లో ఆరోగ్యశాఖ తన ఉద్యోగులకు ఒక నియమావళి పెట్టుకొంది. మంచిదే. అయితే పొగాకు బోర్డు ఉన్నది వాణిజ్యశాఖ క్రింద. పన్ను ఆర్థికశాఖది. ఉత్తర్వులను పరిశీలించే సంఘం పార్లమెంటుది. ఒక వాకిలికి గడియ వేసి మూడు వాకిళ్లు బార్లా తెరచిపెట్టినట్లయింది.

అమెరికాలో 1995నుండి పైరవీల నమోదు చట్టం ఉంది. ఎవరు ఎవరికోసం ఎంత పుచ్చుకొని ఏ బిల్లు మీద తిరుగుతున్నారో వ్రాసి ఇవ్వాలి. ఆ డబ్బేమీ తగ్గలేదు. పైగా 2010లో అక్కడి సుప్రీంకోర్టు ఎన్నికల ప్రచారంలో కంపెనీలు స్వతంత్రంగా ఖర్చు పెట్టుకోవచ్చునన్నది. దీపం పెట్టినంత మాత్రాన దొంగ మారడు, కనబడతాడంతే.

మనదగ్గర దీపం కూడా ఆర్పిన సంగతి చూశాము. లాభాల సగటులో నూటికి 7.5 వంతులకు మించి కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వరాదనే హద్దును 2017లో తొలగించారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఇచ్చినవాడి పేరు ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసిన తరువాత గాని లెక్క బయటపడలేదు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లని సామెత, ఇక్కడ ఆరేళ్లు పట్టింది. బయటపడ్డ జాబితాలో కొనుగోలుదారులలో రెండవ స్థానం హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. పుచ్చుకున్నవారిలో కేంద్రంలోని భాజపా అందరికంటె ముందు ఉండగా, మన తెలుగు పార్టీలైన భారాస సుమారు 1,214 కోట్లు, వైకాపా 337 కోట్లు, తెదేపా దాదాపు 219 కోట్లు తీసుకున్నాయి. ఏ పార్టీ అభిమానులూ నామీద ఆగ్రహించవద్దు, అందరి పేర్లూ చెప్పాను. అప్పటి చట్టం ప్రకారం అది నేరమూ కాదు. నా బాధ కూడా అదే.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 2022లో 40 లక్షల పరిమితి పెట్టారు. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. ఎన్నికల ముందు మా వీధిలో పంచిన కవర్లు లెక్కిస్తే ఆ 40 లక్షలు ఎన్ని వార్డులకు సరిపోతాయో మీరే ఊహించుకోండి. అంత పెట్టుబడి పెట్టి గెలిచినవాడి దగ్గరకు వ్యాపారి వచ్చి వసారాలో నిలబడనక్కరలేదు. నేరుగా లోపలికి వచ్చి కూర్చుంటాడు. కనుక ఎన్నికల ఖర్చును ముట్టుకోకుండా పైరవీలను ఒక్కదాన్నే సంస్కరిస్తే డబ్బు పెత్తనం పెద్దగా తగ్గదని నా అభిప్రాయం.

"ప్రకాశం గారివంటి వారు పుడితే చట్టాలెందుకండీ" అంటాడు నాతో విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకడు. టంగుటూరి వారు న్యాయవాదిగా గడించిన ధనమంతా ప్రజలకూ పత్రికకూ ధారపోసినవారే. అటువంటివాడు తరానికొకడు. తక్కిన ఎన్నికల్లో మనకు దొరికేది నావంటి సామాన్యులు. చట్టం కావలసింది ఆ సామాన్యులకోసమే.

అందుకే నమోదు చట్టం వద్దనను. అది పెద్ద డబ్బును ఆపలేకపోవచ్చు. కాని ఆ పెద్ద డబ్బు చిన్న చేతులగుండానే ప్రయాణం చేయాలి. వ్రాసిపెట్టే మాస్టారు కావాలి, సంతకం పెట్టే అన్నయ్య కావాలి, వెంటబెట్టుకొచ్చే శిష్యుడు కావాలి. ప్రతి వినతిపత్రం క్రిందా "ఇది వ్రాయించినవారు ఫలానా, ఇచ్చిన సొమ్ము ఇంత" అని ఒక పంక్తి ఉండి తీరాలని చట్టం ఉన్నట్లయితే, ఆ రోజు నా కలం ఆగి ఉండేది. కనీసం సిగ్గుపడి "ధర సంగతి కూడా వ్రాయనా?" అని అడిగి ఉండేవాణ్ణి. మా అన్నకైనా తాను ఎవరి కాగితం మీద సంతకం పెడుతున్నాడో తెలిసేది.

ఆయన నిరుడు కాలం చేశాడు. చెప్పుకోవలసినవాడికి చెప్పుకోలేకపోయాను. ఆ పంక్తిని ఇప్పుడు ఇక్కడ చేరుస్తున్నాను.

వ్రాసినవాడు నేను. పుచ్చుకున్నది ఐదువేలు. ఇచ్చినవారి పేరు అప్పుడు అడగలేదు.