డ్రాగన్ కన్నా వేగంగా పరుగెత్తగలమా?

డ్రాగన్ గంటకి ఎన్ని కిలోమీటర్లు ఎగురుతుందో మీలో ఎవరైనా లెక్క వేశారా? నేను వేశాను. నవ్వకండి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మావాడి ఫోన్ అడిగి మరీ వేశాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒకడు కథ చెప్తుంటాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి "నేనిలా చేస్తా" అంటారు. అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మావాడు, వాడి ముగ్గురు స్నేహితులు ఆదివారాలు ఎల్.బి.నగర్‌లో మా ఇంటి హాల్లో ఆడతారు. ఇది జూదం కాదంటే మా అత్తమ్మ ఇప్పటికీ నమ్మదు.

ఆటలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లు. మనిషి అందులో 30 అడుగులు వెళ్తాడు. కత్తి దూయడం మానేసి పరుగే పెట్టుకుంటే 60. బాగా ఎదిగిన ఎర్ర డ్రాగన్ 80 అడుగులు ఎగురుతుంది, అదీ జోరు పెంచితే 160. అంటే మనిషి గంటకి 11 కిలోమీటర్లు, డ్రాగన్ 29. ఇంతేనా అనిపించింది! రోడ్డు ఖాళీగా ఉంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి నా స్కూటీ అంతకన్నా తొందరగా వస్తుంది. ఎప్పుడు ఖాళీగా ఉంటుందని మాత్రం అడగొద్దు. కానీ కాళ్ళతో పరుగెత్తేవాడి వెనక అది ప్రతి 6 సెకన్లకీ 100 అడుగులు దగ్గరవుతుంది.

మావాడి పాత్ర డ్వార్ఫ్, పొట్టివాడు. వాళ్ళు వాడే 2014 పుస్తకం ప్రకారం వాడి నడక 25 అడుగులే. "పారిపోదాం" అని ముగ్గురూ అన్నారు. అంతలో ఒకడు, "వీడు వెనకబడిపోతాడు కదరా" అన్నాడు. హాలు నిశ్శబ్దమైంది. వంటింట్లో నా చేతులు కూడా ఆగాయి.

పోయినేడాది మావాడిని హాస్టల్ ఉన్న కోచింగ్‌లో వేశాం. నెలనెలా ర్యాంకులు చూసి సెక్షన్లు మార్చేవాళ్ళు, వీడు ప్రతిసారీ కిందికే. నవంబర్‌లో ఒక రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నన్ను తీసుకుపో" అన్నాడు. తెల్లారి తీసుకొచ్చేశాం. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మొన్న పెళ్ళిలో మా ఆడబిడ్డ అందరిముందూ "మధ్యలో పారిపోయొచ్చినోడు" అంది. వాడు తింటున్న ప్లేటు పక్కన పెట్టేసి లేచిపోయాడు.

నేను చదివింది తెలుగు బి.ఏ. పారిపోవడం అనగానే నాకు ఇద్దరు గుర్తొస్తారు. కౌరవసేనని చూసి రథం దిగి పరుగెత్తిన ఉత్తరుడు ఒకడు. కాలయవనుడి ముందు పరుగెత్తిన కృష్ణుడు ఇంకొకడు. కృష్ణుడు ఊరికే పరుగెత్తలేదు, ముచుకుందుడు నిద్రపోతున్న గుహలోకి తీసుకెళ్ళాడు. లేపినవాడు బూడిదయ్యాడు. ఉత్తరుణ్ణి వెక్కిరిస్తాం గానీ కృష్ణుణ్ణి పిరికివాడని ఎవరంటాం?

ఈ ఆటలోనూ అంతే. వెన్ను చూపి పరుగెత్తితే, పక్కనున్న శత్రువుకి ఒక దెబ్బ ఉచితం. అది తగలకుండా జాగ్రత్తగా వెనక్కి జరగొచ్చు, కానీ ఆ 6 సెకన్లలో ఇక జోరుగా పరుగెత్తే వీలుండదు. గుంపుగా పోకూడదు. నోటి మంట 60 అడుగుల దాకా చేటలా విచ్చుకుంటుంది, అందరూ ఒకేసారి కాలిపోతారు. 1980ల నాటి పుస్తకాల్లోనైతే వెంటపడే జంతువుకి తిండి, తెలివైన దానికి డబ్బు విసిరి తప్పించుకునే పద్ధతి కూడా ఉందట. ఈ చిట్కా మా పక్కింటావిడకి చెప్పాలి, వాళ్ళ వీధికుక్కల బాధకి. అన్నిటికన్నా నాకు నచ్చింది సందు. కొత్తపేట వెనక గల్లీల్లోకి లారీ ఎలా రాలేదో, 5 అడుగుల సొరంగంలోకి అంత పెద్ద డ్రాగన్ అలా దూరలేదు. మంట మాత్రం దూరుతుంది, అందుకని మలుపు దాకా పోవాలి.

కాసేపటికి, వెనకబడతాడన్న పిల్లవాడే అన్నాడు: "అయితే ముందు వీడు పోవాలి. వీడి 25 అడుగులే మనందరి లెక్క. నేను బంగారం సంచి దానిమీదికి విసిరి చివర్న వస్తా." పాచిక దొర్లింది. డ్వార్ఫ్ సొరంగంలో పడ్డాడు, మలుపుకి ఇంకా 50 అడుగులుంది. అంతలో ఎవరికో ఇంటినుంచి ఫోన్ వచ్చి ఆట ఆగింది.

వచ్చే ఆదివారం మా ఆడబిడ్డ వాళ్ళు వస్తామన్నారు. లోపలి గదిలో కూర్చోబెడతానని మా ఆయనకి ముందే చెప్పాను. హాలు పిల్లలకి కావాలి.