మైనం గిన్నె

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయి వేడి మైనంతో బట్ట మీద బొమ్మలేస్తానని వంటింట్లో చేరింది. పాత పాలగిన్నె ఒకటి దానికిచ్చేశాను. మైనం పట్టిన గిన్నె మళ్ళీ వంటకు పనికిరాదు కదా.

అది కొవ్వొత్తి ముక్కలేసి గిన్నెను నేరుగా స్టవ్ మీద పెట్టబోతుంటే, మా అత్తగారు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"అట్ల కాదు పాపా. నీళ్ళ గిన్నెలో ఆ గిన్నె పెట్టు. మైనం పొగ లేసిందంటే మంట అంటుకుంటాది. అంటుకుంటే నీళ్ళు పోయాకు, మూత పెట్టు."

ఆమె పుట్టిల్లు శ్రీకాళహస్తి. కలంకారీ పని చూస్తూ పెరిగిన మనిషి. పెళ్ళై తిరుపతికి వచ్చాక 50 ఏళ్ళలో కలం పట్టింది లేదు. పూర్వం కలంకారీలో నీలం వేయాలంటే, నీలం అక్కర్లేని చోటంతా కరిగిన మైనం పూసి, బట్టను నీలిమందు తొట్టిలో ముంచేవాళ్ళట. తర్వాత బట్టను మరిగే నీళ్ళలో వేస్తే మైనం వదిలిపోయి, ఆ చోటు తెల్లగా మిగిలేదట.

ఆమె చెప్పాకే నాటుమందుల అంగడి నుంచి తేనెమైనం తెచ్చాం. ఒట్టి కొవ్వొత్తి మైనం పెళుసు. పగిలిన చోటల్లా రంగు దిగి వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. తేనెమైనం మెత్తన, బట్టను వదలదు. దాదాపు 63 డిగ్రీలకు కరుగుతుంది. రెండూ సగం సగం కలిపాం. గీసిన చోట బట్ట తడిసినట్టు కనబడితే మైనం లోపలికి ఇంకినట్టు. తెల్లగా పైనే పేరుకుంటే వేడి చాలనట్టు.

మామగారి తెల్ల పంచె మీద అమ్మాయి మూడు రోజులు కూర్చుని నెమలి వేసింది. నాలుగో రోజు అత్తగారు, "నేనూ ఒక గీత గీస్తా" అని కుంచె అందుకున్నారు. చెయ్యి వణికింది. నెమలి పక్కన టపటపా చుక్కలు పడ్డాయి. మైనం ఇంకిందంటే తుడిస్తే పోయేది కాదు.

"ఈ వయసులో మీకెందుకత్తా ఇదంతా?" అనేశాను.

ఆమె ఏమీ అనలేదు. కుంచె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు చల్లటి నీళ్ళలో కలిపిన నీలం రంగులో పంచె ముంచాం. రంగు వేడిగా ఉంటే మైనం కరిగిపోతుంది. ఆరాక వేడినీళ్ళలో మరిగించి, తేలిన మైనం గడ్డకట్టాక తీసేశాం. ఆ నీళ్ళు సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది. పంచె దులిపి తీగ మీద వేస్తే, నీలం మధ్య తెల్లటి నెమలి, పక్కనే తెల్లటి చుక్కలు.

"అమ్మా, అవ్వ ముగ్గుకు చుక్కలు పెట్టినట్టుంది చూడు" అంది అమ్మాయి.

నాకు నోట మాట రాలేదు.

ఆ సాయంత్రం నేనే స్టవ్ వెలిగించి మైనం పెట్టాను. అత్తగారి గది దగ్గరికి వెళ్ళి, "మైనం కాగిందో లేదో తెలీడం లేదత్తా, ఒకసారి చూస్తారా?" అన్నాను.

తెలీక కాదు. ఆ సంగతి ఆమెకూ అర్థమైనట్టుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచి వచ్చారు.