మట్టి తోపు

మా దువ్వాడలో కొండవాలున ఇండ్లు కట్టువారు మొదట మన్ను తొలిచి, వెనుక రాతిగోడను నిలుపుదురు. చూచువారికి ఆ గోడ ఊరక నిలిచినట్లే కనబడును. కాని దాని వెనుక మట్టిలో మూడు మూలల ముక్క యొకటి జారిపోవజూచుచు, రేయింబవళ్లు దానిని త్రోయుచుండును. ఈ తోపును లెక్కించు మార్గమును ఫ్రాన్సు దేశపు సైనిక ఇంజనీరు కూలూంబు 1776లో ప్రకటించెను. గోడ యెత్తు రెట్టింపైనచో తోపు నాలుగు రెట్లగును. "ఇంకొక నాలుగు వరుసలు లేపుదము" అను మేస్త్రీల కీ మాట రుచింపదు.

భూమి కంపించినపుడు మట్టి బరువు క్రిందికేగాక ప్రక్కకును లాగును. బస్సు తటాలున కదలినచో నిలుచున్నవారు తూలుదురు గదా! అట్లే. జారెడి ముక్కయు పెద్దదగును. 1923 సెప్టెంబరు 1న జపానులో కాంటో భూకంపము యొకొహామా రేవుగోడలను కూల్చిన పిమ్మట, ఒకాబె, మొనొనోబె అను ఇంజనీర్లు ఈ ప్రక్కబలమును కూలూంబు లెక్కకు చేర్చిరి.

మనకేల యీ గొడవ యందురా? 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలము కంపించినవి. 2002 నాటి ప్రమాణగ్రంథము విశాఖను తక్కువ అపాయముగల రెండవ మండలమున చేర్చినది, లేదనలేదు.

మూడు మీటర్ల గోడను తలపుడు. పొడి ఇసుకమన్ను మీటరు పొడవున సుమారు 2.7 టన్నుల బలముతో త్రోయును. బరువులో అయిదవవంతు ప్రక్కబలము గల గట్టి కంపము వచ్చినచో అది 3.8 టన్నులగును. వెనుక నిండుగ నీరు నిలిచెనా, కంపము లేకయే ఆరు టన్నులు! అందులకే గోడలో తూములుంచుట.

మా వీథిలో నొక యింటివారు, ఎర్రనీరు వాకిలిని పాడుచేయుచున్నదని, ఆ తూములను సిమెంటుతో పూడ్చిరి. గోడ క్రిందనే పిల్లలాడుకొందురు. నేను పోయి పై లెక్కను కాగితముపై వేసి చూపితిని. ఇంటి యజమాని "చూతము లెండి మాష్టారూ" అనెను. ఎనిమిదవ తరగతి చదువు అతని కుమార్తె మాత్రము, "తాతగారూ, వానలో భూకంపము వచ్చినచో?" అని యడిగెను. నీట నానిన వదులు ఇసుక కంపమునకు జావవలె పలుచనగునని, 1995 జనవరి 17న కోబె రేవుగోడలు కొన్ని మీటర్లు సముద్రమువైపు జరిగెనని చెప్పితిని. ఆమె తండ్రివైపు చూచెను.

ఆదివారమునాడు మేస్త్రీ ఉలితో తూములను తొలిచెను. మొదటి దానినుండియే ఎర్రనీరు మూరెడు దూరము చిమ్మెను.