స్టేజీ పలకల బిల్లులో 710 అని ఉంది



ఉగాది రోజు మన హాల్లో జరిగింది చూసినవాళ్ళు చూశారు, చూడనివాళ్ళు తలా ఒక విధంగా విన్నారు. హాలు కమిటీ తరఫున మేమే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైన తర్వాత మన ఆదివారం తరగతిలో నేర్చినవి. తప్పులుంటే అక్కలు ఎప్పటిలాగే కింద దిద్దుతారు.

హారతి పళ్ళెంలోనుంచి కర్పూరం బిళ్ళ ఒకటి జారి స్టేజీ అంచున పడింది. పక్కనే ఉన్న ప్లైవుడ్ పలకకు అంటుకుంది. మీది పాలిష్ పట్టుకుని మంట జానెడు, ఆ వెంటనే మూరెడు లేచింది. డ్యాన్స్ పిల్లలు పక్క గదిలో గజ్జెలు కట్టుకుంటున్నారు. వంటవాళ్ళు బిందె నీళ్ళు తెచ్చి కుమ్మరించారు, ఆరిపోయింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు ఒక అక్క అందరి ముందర అడిగింది: "ఏమయ్యా, ట్రీట్‌మెంట్ చేసిన కొయ్య అని చెప్పి ఎక్కువ దుడ్డు వసూలు చేస్తిరే, అదెట్లా అంటుకునె?"

జవాబు చెప్పలేకపోయాం. ఆ రాత్రి ఫైలు తీశాం. బిల్లులో "ట్రీటెడ్ ప్లై, 710" అని ఉంది. కింద సంతకం మాదే.

710 అంటే ఐఎస్ 710, మెరైన్ ప్లైవుడ్‌కు మన దేశపు ప్రమాణం. మరిగే నీళ్ళలో వేసినా పొరలు ఊడకూడదు, పురుగు, బూజు పట్టకుండా మందు పట్టించి ఉండాలి. నిప్పుకు ఆగుతుందని ఆ నంబరు చెప్పదు. నిప్పుకు వేరే నంబరు ఉంది, ఐఎస్ 5509. అంగడివాడు అబద్ధం చెప్పలేదు. ట్రీట్‌మెంట్ ఉందా అని అడిగాం, ఉందన్నాడు. దేనికి ట్రీట్‌మెంట్ అని మేము అడగలేదు.

గుడ్సు ఆఫీసులో ఇన్నేళ్ళు రైల్వే రశీదుల మీద "సెడ్ టు కంటెయిన్" అని రాసి ఇచ్చినవాళ్ళం. మూటలో ఫలానా సరుకుందని పార్టీ చెప్పాడు, మేము విప్పి చూడలేదు అని దాని అర్థం. కానీ ప్రమాదమైన సరుకు వస్తే రెడ్ టారిఫ్ పుస్తకం తీసి ఏ క్లాసు, ఏ ప్యాకింగు, దేని పక్కన పెట్టకూడదు అని వరస వరసగా చూసేవాళ్ళం. ఎవరి సరుకుకో అంత చూసిన మేము, మన పిల్లలు ఎక్కే స్టేజీకి విప్పి చూడకుండా సంతకం పెట్టాం. సిగ్గుగానే ఉంది.

ఈ నెల రోజులు దీని గురించే చదివాం. కొయ్యకు మందు పట్టించడంలో ప్రపంచమంతా పేరుపొందిన మందు ఒకటి మన తెలుగువాడిదే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం గారు 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి తయారుచేశారు. అయితే అది చెదలకు, కుళ్ళుకు మాత్రమే, నిప్పుకు కాదు. పైగా ఆ మందు పట్టిన కొయ్యను కాలిస్తే బూడిదలో ఆర్సెనిక్ విషం మిగులుతుంది.

నిప్పుకు వాడేవి వేరే ఉప్పులు. వేడి తగిలితే కొయ్యలోనుంచి ఆవిర్లు వస్తాయి, మంటగా మండేది ఆ ఆవిర్లే. రైతులు డీఏపీ అని చల్లే ఎరువు ఉంది కదా, ఆ జాతి అమ్మోనియం ఫాస్ఫేటు పట్టించిన కొయ్య వేడెక్కగానే ముందే నల్లగా బొగ్గవుతుంది. మండే ఆవిరి తక్కువగా వస్తుంది, ఆ బొగ్గు పొరే లోపలి కొయ్యకు కాపు. ఇంకొకటి వెలిగారం, తమిళంలో వెంగారం, కంసాలులు నగ అతికేటప్పుడు వాడేది. అది కరిగి గాజు పొరలాగా కప్పుకుంటుంది, మంట పాకడాన్ని ఆపుతుంది. కానీ లోపల కణకణమని రగిలేదాన్ని ఆపలేదు. దానికి బోరిక్ యాసిడ్ కావాలి, అంటే మనం క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి. అందుకే రెండూ కలిపి వాడతారు. ఇదేమీ కొత్త విద్య కాదు. 1821లోనే ఫ్రెంచి రసాయనవేత్త గే-లుసాక్, రాజుగారు అడిగితే, నాటకశాలల గుడ్డలకు ఫాస్ఫేటూ వెలిగారమూ పట్టించి చూపించాడు. వాళ్ళ భయం కూడా స్టేజీ గురించే చూడండి.

చదివింది చాలదని చేసి చూశాం. ఒకే పాత ప్యాకింగు పెట్టె పలకలోనుంచి రెండు ముక్కలు కోసి, ఒకదాన్ని వెలిగారం, బోరిక్ పొడి కలిపిన నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, వారం ఎండబెట్టాం. పొయ్యి మంటలో పెట్టి తీస్తే, ఉత్త ముక్క చేతిలోనే మండుతూ వచ్చింది. నానిన ముక్క నల్లబడింది, మంటలోనుంచి తీయగానే ఆరింది. ఇంట్లో ఆవిడ గిన్నెలు పాడయ్యాయని కోప్పడింది, అది వేరే కథ.

దాన్ని చూసి కొందరు తమ్ముళ్ళు "అయితే మనమే బ్రష్షుతో పూసేద్దాం, చవక" అంటున్నారు. వద్దు. బ్రష్షుతో పూసేది పైపైనే ఉంటుంది, తడిబట్టతో తుడిస్తే ఆ ఉప్పులు కరిగిపోతాయి. ఫ్యాక్టరీలో కొయ్యను మూసిన సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో మందు లోపలికి ఎక్కిస్తారు. అలా చేసిన కొయ్య కూడా కాలనిదని అనుకోవద్దు. ఆలస్యంగా కాలుతుంది, అంతే. అది మనకిచ్చేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో పిల్లలు బయటికి రావాలంటే వెనక తలుపు తెరిచి ఉండాలి. ఉగాది రోజు దానికి తాళం వేసి ఉంది, అడ్డంగా బెంచీలు పేర్చి ఉన్నాయి. ఈ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు, మేమే చెబుతున్నాం.

"ఒక కర్పూరం బిళ్ళకు ఇంత ఖర్చా" అని గ్రూపులో రాసిన అన్నగారికి ఒక మాట. 2004 జనవరిలో శ్రీరంగంలో పెళ్ళి పందిరి అంటుకుంది, పెళ్ళికొడుకు కూడా పోయాడు. అదే ఏడు జులై 16న కుంభకోణం బడిలో కీత్తు కప్పు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. రెండూ మన తిరుచ్చి చుట్టుపక్కలే. ఆ వారమంతా మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీలో పెట్టబోయేది ఇది. స్టేజీ పలకలన్నీ విప్పి 5509 ప్లై వేయించాలి, బిల్లుతోపాటు టెస్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి, మీద ఏ పాలిష్ వేయవచ్చో కంపెనీనే అడగాలి. హారతి ఇకమీద కింద రాతి నేల మీదే. వెనక తలుపు తాళం పోయిన వారమే తీసేశాం, దానికి ఎవరి ఒప్పుదలా అడగలేదు. బిల్డింగ్ ఫండులో ఉన్నది చాలదు. మా వంతుగా ఒక నెల పెన్షన్ ఇస్తున్నాం, సంతకం పెట్టింది మేమే కాబట్టి.

విప్పిన పాత పలకలను వేన్నీళ్ళ పొయ్యికి ఇమ్మని ఇద్దరు అడిగారు. ఇవ్వము. వాటికి ఏ మందు పట్టించారో బిల్లులో లేదు.